ఇంటర్వ్యూలో ఏమడుగుతారంటే

శ్రీ సిటీ,
ఆదివారం.

చెల్లి హేమకు,

అక్క ముద్దులు. నేను బాగానే ఉన్నాను. నువ్వు, అమ్మ, నాయన బాగున్నారనే అనుకుంటాను. అవ్వకి మోకాళ్ళ నొప్పి తగ్గిందా? ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని నవ్వకు. ఫోన్ చేస్తే నాయన స్పీకర్ పెట్టి వీధందరికీ వినిపిస్తాడు. మెసేజ్ పెడితే అమ్మ "అక్క ఏం రాసిండాదో సదువు" అని నీ పక్కనే కూర్చుంటుంది. ఇది నువ్వొక్కదానివే చదవాలి. అందుకే మన కార్వేటినగరం పిల్ల ఒకతి సెలవుకి వస్తుంటే దాని చేతికిచ్చి పంపుతున్నాను.

ఇక్కడ ఒకటే ఉక్క. పులికాట్ సరస్సు వైపు నుంచి గాలి వీచినా ఒళ్ళు జిడ్డుగానే ఉంటుంది. హాస్టల్ సాంబారు సంగతి చెప్పక్కర్లేదు, అందులో ముక్క దొరికిన రోజు గదిలో అందరికీ చూపించుకుంటున్నాం. అమ్మనడిగి చెనక్కాయల పొడి కొంచెం పంపించు. నేను బాగానే ఉన్నానని చెప్పు.

నువ్వడిగిన దానికొస్తాను. వచ్చే వారం మా కంపెనీవాళ్ళు మీ కాలేజీకి వస్తున్నారు కదా, హార్డ్‌వేర్ ఇంటర్వ్యూలో ఏమడుగుతారన్నావు. మొదట నీ ప్రాజెక్టు అడుగుతారు. తిరుపతిలో కొనుక్కొచ్చిందేనని నాకు తెలుసులే, నేనూ కొన్నదాన్నే. కానీ దాన్ని విప్పి, ఏది ఎందుకుందో ఒకటికి రెండుసార్లు చూసుకో. ఐసీ పక్కనే కెపాసిటర్ ఎందుకు పెడతారు, ఈ రెసిస్టర్ తీసేస్తే ఏమవుతుంది, అని కాగితం మీద గీయించి మరీ అడుగుతారు. తెలియకపోతే తెలియదని చెప్పెయ్, బుకాయించకు. తెలిసినదైతే ఆలోచించేది పైకే చెప్పు. జవాబు తప్పినా ఆలోచన సరిగ్గా ఉంటే మెచ్చుకుంటారు. ఒక్కోసారి చచ్చిపోయిన బోర్డు ఒకటి నీ ముందు పెడతారు. ముందు దానికి కరెంటు అందుతోందా చూడు, ఎక్కడైనా వేడెక్కుతోందా చూడు, ఆ తర్వాతే చిప్పుని అనుమానించు.

అలాంటి బోర్డు దగ్గరే నేను దెబ్బతిన్నాను. మీకెవరికీ చెప్పలేదు, పోయిన నెల సెలవు పెట్టి చెన్నైలో ఒక ఇంటర్వ్యూకి వెళ్ళాను. అక్కడ ఇంటర్వ్యూ చేసే ఆయన బోర్డు నా ముందు పెట్టి, "ఎక్కణ్ణుంచి మొదలుపెడతారమ్మా?" అన్నాడు. పక్కనే కరెంటు చూసే మల్టీమీటర్ ఉంది. నా చెయ్యి దాని మీదికి పోలేదు. "ఎర్ర స్టిక్కర్ ఎక్కడుంది సార్?" అనేశాను.

ఫ్యాక్టరీలో మా లైన్లో పని అంతే హేమా. బోర్డు పెట్టి బటన్ నొక్కుతాం. పచ్చ లైటు వెలిగితే ఎడమ ట్రేలోకి. ఎర్ర లైటైతే ఎర్ర స్టిక్కర్ అంటించి కుడి ట్రేలోకి. ఎందుకు చెడిందో చూసేది ల్యాబ్‌వాళ్ళు. నా మాటకి ఇంటర్వ్యూలో ఆయన నవ్వలేదు, నవ్వినా బాగుండేది. "మూడేళ్ళ అనుభవం అని రాశారు. ఒక్క బోర్డైనా బాగుచేశారా?" అన్నాడు. వచ్చేటప్పుడు బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. బయట ఉద్యోగం కావాలంటే పని తెలిసుండాలి, ఇక్కడ ఉన్నన్నాళ్ళూ ఆ పని నా చేతికి రాదు. నన్నెవరూ కట్టేయలేదు, గేటుకి తాళమూ లేదు, అయినా ఇరుక్కుపోయాను.

మొన్న మా సూపర్‌వైజర్‌ని మళ్ళీ అడిగాను, ల్యాబ్‌కి మార్చండి సార్ అని. ఆయనదీ మన చిత్తూరు వైపే. "మీ సెల్లెలు కూడా ఈసీఈనే అంటివి గదమ్మా. ఆ పాపని రమ్మను. అక్క ఈడే ఉండాదని ఇంటర్వ్యూలో సెప్తే సాలు, ఇంకేమీ అడగరు, తీసేసుకుంటారు. ఆ పాప నీ సీట్లో కూసుంటాది, నిన్ను ల్యాబ్‌కి పంపిస్తా" అన్నాడు. అటు నాయన కూడా ఫోన్లో "ఇద్దురూ ఒగే తావ ఉంటే నాకు దిగులుండదు" అంటున్నాడు.

నిజం చెప్పనా? ఈ వారమంతా నిన్ను రమ్మనే రాయాలనుకున్నాను. నా పక్క మంచం ఖాళీ అయింది. నువ్వుంటే ఈ సాంబారు కూడా తినగలను. ల్యాబ్‌లో పడితే నాకూ పని వస్తుంది, ఎక్కడికైనా పోగలను. కానీ నా సీట్లో, నీలం టోపీ పెట్టుకుని నువ్వు బటన్ నొక్కుతున్నట్టు అనుకుంటే నాకు అన్నం దిగలేదు. వద్దు హేమా. మీ కాలేజీలో జరిగే ఆ ఇంటర్వ్యూలోనే, మా కంపెనీకి బెంగళూరులో సర్క్యూట్లు డిజైన్ చేసే పనికి ఇద్దరు ముగ్గురిని తీసుకుంటారు. నాకు అదే కావాలని అడుగు. సూపర్‌వైజర్‌కి నేనేదో ఒకటి చెప్పుకుంటాను.

అవ్వకి, అమ్మకి, నాయనకి నా దండాలు చెప్పు. నా తల మీద చెయ్యిపెట్టి దీవించినట్టే అనుకోమను.

ఇంకొక్కటి, ఇది మాత్రం మరిచిపోవద్దు. అన్నీ అడిగేశాక, కాగితాలు సర్దుకుంటూ, పలకరింపుగా "మీవాళ్ళెవరైనా మా దగ్గర పనిచేస్తున్నారా అమ్మా?" అంటారు. ఉన్నారన్నవాళ్ళని లైనుకే పంపుతారు, తోడుంటే మానేసి పోరని. నువ్వు ఎవరూ లేరని చెప్పు. తల ఎత్తి, తడబడకుండా చెప్పు.

నీ అక్క,
లావణ్య