మందు మానేసినవాళ్లలో నువ్వు

అమ్మా,

నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. నీమీద ప్రయోగించిన గుండెజబ్బు కొత్త మందుతో ఎవరి ప్రాణానికీ హాని జరగలేదని, నీకు అది ఇచ్చిన డాక్టరే పరిశోధనా వ్యాసం రాశాడట. పేపర్లో ఆ వార్త చూసి, బోయిగూడలో మన ఇంటి నుంచి నేరుగా ఆస్పత్రికి, ఆయన గదికి వెళ్లాను.

"మా అమ్మ సంగతేంది సార్?" అని అడిగాను.

"ఆమె మధ్యల మానేసిందమ్మా. అందుకే లెక్కల తీసుకోలే."

నా ఒళ్లు మండిపోయింది. "మానెయ్యలే సార్! వాంతులైతున్నా మీ మాట నమ్మి మింగింది. సచ్చిపోయినంక ఎట్ల మింగుతది?" అని అరిచాను.

"మెల్లగ మాట్లాడమ్మా, బయట పేషెంట్లున్నరు."

వాళ్లు కూర్చున్నది ఆ మందు కోసమే. తలుపు బార్లా తెరిచి, వాళ్లందరికీ నీ పేరు చెప్పి, జరిగిందంతా మొదటి నుంచి మళ్లీ చెప్పాను.