ఎర్ర కారు వెనక నడుము

మార్చి 4
మా రిపేరు షెడ్డుకు ఎర్ర కారు వచ్చింది. రెండు తలుపుల స్పోర్ట్స్ కారు. ఎరుపంతా వెలిసిపోయి దానిమ్మ తొక్క రంగు. బార్కస్ నుంచి అవద్ భాయ్ తాడు కట్టి లాక్కొచ్చాడు. వాళ్ల నాన్న గల్ఫ్‌లో కొని ఓడలో తెచ్చుకున్న బండి. ఆయన పోయాక టార్పాలిన్ కింద ఉండిపోయింది. ముందు భాగం బాగానే ఉంది. వెనక చక్రాల మీది రేకును రెండు వైపులా తుప్పు తినేసింది – వేలు పెడితే పొడి.
కొత్తగా ఫైబర్‌తో చేయాలి. అంటే ముందు మట్టితో రూపం. అంటే నేను.
మా ఆయన యాదగిరి అప్పుడే మొదలుపెట్టాడు – "ఎట్లయిన కొత్తగ చేస్తున్నం గద భాయ్, ఎనక జర వెడల్పు చేద్దాం. పెద్ద టైర్లు ఏస్తే మస్తుగుంటది."
షెడ్డులో గిరాకీతో మాట్లాడేది ఆయనే. నేను రాలిన తుప్పు ఊడ్చాను.

మార్చి 5
నాకు సన్నగానే ఇష్టం.

మార్చి 7
కల. ఎర్ర కారు మా లాల్‌దర్వాజా సందులో మెల్లగా పోతోంది. గోడలకు తగలకుండా... నీళ్లలో చేప పోయినట్టు. నడుము దగ్గర ఊపిరి లోపలికి తీసుకుని, అలాగే వెనక్కి సన్నబడి... చూస్తుండగానే మలుపు. చప్పుడు లేదు.
లేచాక కూడా చాలాసేపు అది పోతూనే ఉంది. పాలు పొంగిపోయాయి.

మార్చి 9
ధూల్‌పేట్‌లో అమ్మగారింటికి వెళ్లి మట్టి తెచ్చాను. బాపు వినాయకుడి బొజ్జ నునుపు చేస్తున్నాడు. చేయి ఆపకుండానే – "మోటరుకు మట్టేంది బిడ్డా?"
చెప్పాను. వెనక సన్నగా ఉండాలా, వెడల్పుగా ఉండాలా అని ఇంట్లో లొల్లి.
"దేవునికైతే బొజ్జ ఉండాలె. మోటరుకెందుకు?"
నవ్వొచ్చింది. కొంచెం ధైర్యం కూడా.

మార్చి 11
ఒప్పందం. ఎడమ వైపు నాది – పాత కారు ఉన్నట్టే, సన్నగా. కుడి వైపు ఆయనది – వెడల్పు. రెండూ మట్టిలో చేసి అవద్ భాయ్‌కి చూపిస్తాం. ఆయన ఏదంటే దానికే అచ్చు తీసి, రెండు వైపులా అదే.
అన్నం దగ్గర మళ్లీ అదే.
"జనం బండిని ఎనక నుంచే సూస్తరు పద్మా. బలం కనపడాలె."
"బలమేంది? పోతున్నట్టుండాలె. నువ్వు చేసేది కూసున్నట్టుంటది."
కంచం జరిపి లేచిపోయాడు.

మార్చి 12
ఆయన కుడి వైపు, నేను ఎడమ వైపు. మధ్యలో డిక్కీ.

మార్చి 14
ఆయన చేతికి రేకు తెలుసు, మట్టి తెలియదు. కుడి వైపు వాచిన దవడలా వచ్చింది. చెరిపాడు, మళ్లీ పెట్టాడు. చివరికి – తల ఎత్తకుండా – "జర నువ్వే సక్కగ చెయ్."
చేశాను. చెడగొట్టొచ్చు, ఎవరికీ తెలియదు. కానీ చేయి మాట వినదు. తలుపు దగ్గర మొదలైన గీత చక్రం మీద అలలా లేచి... దిగే చోట తడి మట్టి మీద వెలుగు నిలబడింది. అంత అందంగా ఇంతకుముందు నేనేదీ చేయలేదు.
నాకు ఇష్టం లేనిది.

మార్చి 16
అవద్ భాయ్ తల్లిని తీసుకొచ్చాడు. "కూసో ఖాలా" అని స్టూలు వేశాను. కూర్చోలేదు. సన్న వైపు మీద చేయి పెట్టి నిలబడింది.
"మా ఇంట్ల గోడకు, బండికి నడిమిట్ల జర్రంత జాగ. బట్టలు ఆరేయనీకె గట్లనే పోతుంటి. వెడల్పుంటె నాకు తొవ్వ ఏది?"
నా మనసు తేలిపోయింది. అప్పుడామె కుడి వైపుకు వెళ్లింది. అక్కడ ఇంకా ఎక్కువసేపు...
"మా ఇంటాయనకు గిదే షౌక్ ఉండె. పెద్ద చక్రాలు గూడ కొన్నడు. మెట్ల కింద ఇంక ఉన్నయ్. నేనే వద్దన్న."
కొడుక్కు ఈ సంగతి తెలిసినట్టు లేదు. తల్లి ముఖమే చూస్తున్నాడు. "అయితే ఏది చేద్దాం, అమ్మీ?"
"నన్నడుగుతవేంది? చేసింది ఈ పిల్ల. ఈ పిల్లనడుగు."
అందరూ నా వైపు తిరిగారు. యాదగిరి కూడా. ఎల్లుండి చెప్తా భాయ్, అన్నాను.

మార్చి 17
పుట్టింట్లో దేవుడి కొలతలు తాతలవి. ఇక్కడ బండి కొలతలు కంపెనీవి. నీకేది కావాలని నా చేతుల్ని ఎవరూ అడగలేదు. అడిగితే ఇలా ఉంటుందా... కాళ్ల కింద నేల మెత్తబడినట్టు.
సన్నదంటే అవద్ భాయ్ నాన్న షౌక్ మళ్లీ మెట్ల కిందికే. వెడల్పంటే ఖాలా నడిచిన తోవ ఉండదు.
యాదగిరి చాయ్ తెచ్చి పక్కన పెట్టాడు. "నువ్వేదంటే గదే. ఫికర్ చెయ్యకు." అన్నాక కూడా అక్కడే ఉన్నాడు. నేను వెడల్పు అనాలని ఆయనకెంత ఉందో ఆ నిలబడడంలోనే తెలుస్తోంది.

మార్చి 18
పొద్దున్నే షెడ్డు. పలుచటి వెదురు బద్ద తీసుకుని వెడల్పు వైపు మట్టి గీకడం మొదలుపెట్టాను. పొర తర్వాత పొర. ఖాలాకు తోవ మిగలాలి, మెట్ల కింది చక్రాలూ పట్టాలి. అల తగ్గుతోంది, కానీ పోవడం లేదు... సన్న వైపులా లేదు, మొన్నటిలా లేదు. ఎన్నడూ చూడనిదేదో.
యాదగిరి వచ్చాడు. అడ్డు చెప్పలేదు. మట్టి ఎండకుండా నీళ్లు చల్లుతున్నాడు.
"ఇంక తీస్తవా?"
"తెల్వది. దూరం పోయి సూడు."
సందు చివరిదాకా నడిచాడు. కూరగాయల బండి వస్తే గోడకు ఒదిగి, అది దాటాక మళ్లీ మధ్యకు వచ్చాడు. తల ఒక వైపుకు వంచాడు. అవద్ భాయ్ వచ్చే వేళవుతోంది. బద్ద నా చేతిలోనే ఉంది. పొడి చేత్తో ఈ డైరీ రాస్తున్నాను –
ఇంకా చూస్తున్నాడు.