మీటరు అద్దం మీద స్వామి

తిరువూరు,
14-6-2007.

బావగారికి,

మా చెల్లెలు చనిపోయిన ఈ నెల రోజుల్లో మీ కారు పుస్తకాన్ని నిఘంటువు పక్కన పెట్టుకుని రెండుసార్లు చదివాను. బడికి వెళ్లనివాడికి ఇదొక పిచ్చి. ఒకప్పుడు కుట్టుమిషను పుస్తకం కూడా ఇలాగే చదివి, మిషను పాడుచేశాను. సరే, ఆ గొడవెందుకు. కారులో స్టీరింగు బొమ్మతో ఒక పసుపు లైటుంది. అది వెలిగితే స్టీరింగు బిగుసుకుంటుందట, వెంటనే బండి ఆపాలట.

నెమలి ఊరి గుడిలో కారుకు పూజ చేయించిన రోజు, స్వామి బొమ్మను మీటరు అద్దం మీద అంటించింది నేనే.

"తాతగారూ, అక్కడొద్దండి, లైట్లు కనపడవు," అన్నాడు మీ డ్రైవరు అనంత్.

"లైట్ల సంగతి స్వామి చూసుకుంటాడు, నువ్వు రోడ్డు చూడరా," అన్నాను. వెనకసీట్లో చెల్లెలు పకపకా నవ్వింది.

చెల్లెల్ని పోగొట్టుకున్న రెడ్డిగూడెం మలుపులో స్టీరింగు తిరగలేదని అనంత్ మొత్తుకున్నా మనం నమ్మలేదు. నిన్న షెడ్డులో మెకానిక్ తాళం తిప్పి, ఆ బొమ్మ పీకాడు. కింద పసుపు లైటు వెలుగుతూనే ఉంది.

రేపు స్టేషనుకు వెళ్లి ఇదంతా చెబుతాను. అనంత్ మీద కేసు మీరే వెనక్కి తీసుకోండి. తర్వాత నన్ను మీ గడప తొక్కనివ్వడం మీ ఇష్టం.

బొమ్మ నా జేబులో ఉంది. ఎక్కడ పెట్టాలో తెలియడం లేదు.