మూడూర్లల్ల పడున్న నా ముక్కు లారీ గురించి రాసిన వీలునామా

నా కండ్లకు పట్టి కట్టి సూర్యాపేట దవాఖానల పండవెట్టిన నాడు, నన్నొక్క మాట అడగకుంట నా కొడుకులు నా లారీని విప్పిన్రు. పట్టి తీసినంక ఇంటికొచ్చి చూస్తే రేకుల కొట్టంల చాసిస్ ఒక్కటే ఉన్నది, తోలు వొలిచిన గొడ్డు లెక్క. తొమ్మిదేండ్లాయె. ఆ మాట ఇయ్యాల్టి దాంక నా గొంతులనే ఉన్నది. ముందు అది రాసిన. ఇగ కాయిదం సంగతి.

సూర్యాపేట జిల్లా, ఆత్మకూర్ (ఎస్) మండలం, మోదుగుబండ తండా నివాసి, కీ.శే. రూప్లా కుమారుడు ధరావత్ మంగ్త్యా, వయసు డెబ్బయ్యారు, వృత్తి లారీ డ్రైవరు, అగు నేను, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడి లేక నా స్వహస్తముతో రాస్తున్న వీలునామా. ఎవలు బెదిరియ్యలే, ఎవలు తాపియ్యలే. ఊపిరే సగం అందుతున్నది, తెలివి నిండుగనే ఉన్నది. నేను బడికి పోయింది తక్కువ. మైలురాళ్లు, ముందటి లారీల ఎనుక రాతలు చదివి అచ్చరాలు నేర్చిన. దస్తావేజులు రాసేటాయన చెప్పిన మాటలు ఆడాడ పెట్టిన, కడమయి నాయి. తప్పులుంటే ఎవలు దిద్దొద్దు.

నా వారసులు: భార్య సీతాబాయి. పెద్దకొడుకు శివాజీ, కోదాడల మెకానిక్ షెడ్డు నడుపుతడు. చిన్నకొడుకు వీరేందర్, మిర్యాలగూడ రైసుమిల్లుల సూపర్వైజరు. బిడ్డ జమున, హుజూర్‌నగర్ల టీచరు.

1. నా స్వార్జితమైన ఇల్లు, చెలక నా భార్య సీతాబాయి తన జీవితకాలం అనుభవించవలెను. ఆమె తదనంతరం ముగ్గురు పిల్లలకు సమాన హక్కు. దీని మీద లొల్లి లేదు. లొల్లంత లారీది.

2. సదరు లారీ అరవై ఏడు మోడల్. ఇప్పటి లారీలకు మొఖం చదును. దీనికి బోనెట్ ముక్కులెక్క ముందటికి పొడుసుకొచ్చి ఉంటది. ఆ బండిల కిరాయి డ్రైవరుగ ఎక్కి ఓనరుగ దిగిన. మిర్యాలగూడ బియ్యం మద్రాసు దాంక మోసింది. మీ ముగ్గురిని మోసింది గూడ అదే. దాన్ని కొత్తగ చేపిస్తమని విప్పిన్రు, మంచిదే. శివాజీ ఏమన్నడు, పాత బండి అంటే పాత ఇంజనే, అది లేకుంటే ఇనుపసామాను అన్నడు. వీరేందర్ ఏమన్నడు, ఆ దడదడ ఎవడు ఇంటడన్నా, కొత్త ఇంజనేసి పెండ్లిళ్లకు కిరాయికిద్దాం అన్నడు. తమ్ముడు పారేస్తడేమోనని అన్న ఇంజన్‌ను కోదాడకు ఎత్తుకపోయిండు. అన్న ఒక్కడే బిగించుకుంటడేమోనని తమ్ముడు కాబిన్‌ను మిర్యాలగూడకు ఎత్తుకపోయిండు. చాసిస్ బరువుంటది, అందుకే నాకు మిగిలింది.

3. ఇదొకటి రాయకుంటే నాకు నిద్రవట్టదు. పోయిన దసరాకు ఆయుధపూజ. కోదాడల శివాజీ ఇంజన్‌కు దండేసి గుమ్మడికాయ కొట్టిండు. మిర్యాలగూడల వీరేందర్ కాబిన్‌కు బొట్లు పెట్టి వాడో గుమ్మడికాయ కొట్టిండు. ఇద్దరు ఫోన్ల ఫోటోలు పంపిన్రు, నేను సంబరపడుతననుకున్నరు. వీరేందరూ, నిమ్మకాయలు ఏ టైరు కింద పెట్టినవ్‌రా? కాబిన్‌కు టైర్లుంటయా? ఫోటో పెద్దగ చేసి చూసిన, ఇటుకల కింద పెట్టినవ్. ఒక్క బండికి రెండూర్లల్ల రెండు గుమ్మడికాయలు కొట్టినోళ్లు ఈ జిల్లాల మీరే ఉంటరు. ఈడ చాసిస్‌కు పసుపు రాసింది మీ యాడి, మిమ్ముల కన్న సీతాబాయి. ఆమె రాసుకుంట ఏమన్నదంటే, ఒకడు గుండెకు మొక్కె, ఒకడు మొఖానికి మొక్కె, నడుముకు మొక్కేటోడు లేకపాయె అన్నది. ఆ దినం నాకు సమజైంది. ఎవని ముక్కకు వాడు లారీ అని పేరు పెట్టుకొని ఊకున్నడు.

4. లారీని ఎట్ల నిలబెట్టాలె అన్నది నేనే తీర్మానం చేస్తున్న. ఓనరును నేను. ఇంజన్ పాతదే ఉండాలె. ఇందుల శివాజీ మాట కరెక్టు. బ్రేకులు కొత్తయి వెయ్యాలె. ఇందుల వీరేందర్ మాట కరెక్టు. దురాజ్‌పల్లి దిగుడుల జాతర జనం మీదికి పోతుంటే బ్రేకు పట్టక బండిని చేన్లకు దింపింది నేను, శివాజీ కాదు. వానికేం తెలుసు. ఎనుక బాడీ కట్టెదే, టేకు దొరకకుంటే తుమ్మ. ముక్కు కొయ్యొద్దు. ఎడమదిక్కు మడ్‌గార్డు వీరేందర్ అప్పటికే కోయిచ్చిండు గనుక వాడే దగ్గర నిలబడి రేకు వంపిచ్చి కొత్తది చేపియ్యాలె.

5. ఇప్పుడు అసలు పంపకం. శివాజీ కాడున్న ఇంజన్ వీరేందర్‌కు చెందవలెను. వీరేందర్ కాడున్న కాబిన్ శివాజీకి చెందవలెను. చాసిస్, ఆర్సీ బుక్కు జమునకు చెందవలెను. రాసుడు తప్పైందనుకోవద్దు, సోయిలుండే రాసిన. ఎవని సొమ్ము వాని ఇంట్ల ఉండదు. బిగిస్తేనే ఎవనికైన బండి ఉంటది. ముగ్గురు సంతకం పెట్టంది ఏ ముక్క అమ్మరాదు, మార్చరాదు. జమున నడుమ కూసోని పని చేపిస్తది. ఆడపిల్లకు లారీ ఎందుకు అని ఒకడు అననే అన్నడు. వాని పేరు రాస్తలేను, వాని పెండ్లాం ముందట ఇజ్జత్ పోతది. ఈ తొమ్మిదేండ్లు మీ ఇద్దరికి ఫోన్ చేసి, ఇద్దరితోని తిట్లు తిని, మళ్ల చేసింది జమునే.

6. నిడమనూరు దావీదు నా బండికి క్లీనరుగొచ్చి జోడు డ్రైవరైండు. మిర్యాలగూడల వెల్డింగాయన ముక్కు కొయ్యబోతే బోనెట్ మీదెక్కి కూసున్నడు, ముందు నన్ను కొయ్యి తర్వాత దీన్ని కొయ్యి అన్నడు. నీకేం హక్కున్నది ముసలోడా అని వీరేందర్ అడిగిండట. ఆ హక్కు ఏందో ఏడో కలంల చదువుకో. పనిముట్ల పెట్టె మాత్రం ఏది ఎట్లయినా దావీదుకే. కాబిన్ల ఏలాడే అద్దాల పరదా, సీతాబాయి తన పెండ్లినాటి ఫేట్యా లంగ చింపి కుట్టింది, జమునకు. రబ్బరు బుడ్డి హారన్ శివాజీ బిడ్డకు, నా మనుమరాలు పూజకు. చిన్నప్పుడు అది ఒత్తి తండా కోళ్లన్నిటిని ఉరికిచ్చింది. ఇప్పుడు పెద్దగైంది, అయినా ఒత్తుకోనీ.

7. శివాజీ ఇంట్ల నన్ను బా అంటడు, కోదాడ నుంచి ఫోన్ చేస్తే నాన్నగారండి అంటడు. ఆ అండిలు నాకొద్దు. ఇది నేను చచ్చినంక విప్పి చదివే కాయిదం కాదు. చెరొక నకలు ఇయ్యాల్నే పంపుతున్న. డిసెంబర్ ఏడు, ఆదివారం, పొద్దుగూకక ముందు ఇద్దరు తండాకొచ్చి, నా ముందట, మీ యాడి ముందట, తండా నాయక్ ముందట నిలబడి ఒప్పుకుంటరో కాదంటరో చెప్పాలె. ఫోన్ల చెప్తే చెల్లదు. కోడండ్లతోని చెప్పి పంపితే చెల్లదు. చూద్దాం బా అంటే కాదన్నట్టే లెక్క. మిల్లుల సీజనున్నది, షెడ్డుల గిరాకున్నది అని చెప్పొద్దు, తొమ్మిదేండ్ల సంది అదే ఇంటున్న. ఇద్దరు ఒప్పుకుంటే ఎనిమిదో తారీకు సోమవారం ఈ వీలునామా ఇట్లనే రిజిస్ట్రీ చేపిస్త. ఒక్కడు కాదన్నా, ఒక్కడు రాకున్నా, అయిదో కలం రద్దు. ఇంజన్, కాబిన్, చాసిస్ మూడు దావీదుకు రాసిస్త. ఆయన బిగిచ్చుకుంటడో, పాత ఇనుముకే ఏస్తడో, ఆయన ఇష్టం. మీరు నోరు తెరవరాదు. నాయిన పోయినంక ఆయన పేరు మీద నిలబెడుతం అని మీలో ఒకడు సుట్టాలకాడ చెప్పుకుంట తిరుగుతున్నడట. నేను పోయినంక ఆ ఇంజన్ మోగితే నాకేం ఒరుగుతది? నేను ఇనాలె. ఈ చెవులతోని ఇనాలె.

శివాజీ, ఇంజన్ తెస్తవా, తేవా? వీరేందర్, కాబిన్ తెస్తవా, తేవా? డిసెంబర్ ఏడు ఆదివారం నాడు జవాబు కావాలె.

తేది: 16 నవంబర్ 2025, మోదుగుబండ తండా
(సంతకం) ధరావత్ మంగ్త్యా

సాక్షులు:
1. రమేష్, తండా నాయక్
2. చంద్రమ్మ, అంగన్‌వాడీ టీచరు, ఆత్మకూర్ (ఎస్)