శనివారం కూర

కేతేపల్లి,
26 డిసెంబర్ 2021, ఆదివారం

అక్కా,

వాకిలి ఊడ్చిన, నీళ్లు పట్టిన, చర్చి గిన్నెలన్నీ తోమిన. ఇప్పుడు తీరి రాస్తున్న.

నిన్న మా కొత్త చర్చిలో మొదటి క్రిస్మస్. వాడకట్టంతా ఇల్లిల్లూ తిరిగి పిలిచిన. అందరూ వచ్చిండ్రు, పాటలు విన్నరు, కేకు తిన్నరు. బంతిలో కూర్చున్నాక మాత్రం మటన్ వద్దన్నరు. మా చేతి కూర ముట్టరేమో అనుకొని నా ముఖం మాడిపోయింది. పక్కింటి గోపమ్మవ్వ నవ్వింది.

"శనివారం నీసెట్ల తింటం పిల్లా? నా పాలు దాచిపెట్టు, రేపొచ్చి తింట."

మనింట్లో అమ్మ శనివారం మటన్ గిన్నెను పొయ్యి దగ్గరికి కూడా రానిచ్చేది కాదు. చర్చికి పోతున్న ఈ నాలుగేండ్లలోనే మరిచిపోయిన. నువ్వొస్తే ముందే యాదిచేసేదానివి. నిన్న చీకటి పడేదాక నీ కోసం బస్సులు చూసిన.

అవ్వ మాటవరసకు అన్నదనుకొని మిగిలిన కూరంతా చర్చోళ్లకు పంచేసిన. ఇయ్యాల ఆమె నిజంగనే వచ్చింది. నీకని తీసిపెట్టిన గిన్నె ఒక్కటే ఉంటే, అదే వేడిచేసి పెట్టిన. కడుపునిండ తిన్నది.

నా కాన్పులకు నువ్వు వండిపెట్టినవు. ఒక్కపూటన్న నీకు వండిపెట్టాలని ఉండె. నీ పాలు అవ్వ తిన్నది. ఆ బాకీ తీరిందని రాసుకుంటున్న.

నీ చెల్లె