మామకు వచ్చిన నల్ల చుట్ట

మంగళవారం, ధర్మవరం

చీరలు కొనడానికి వచ్చిన బెంగళూరు సేటు మామకు నల్లటి విదేశీ చుట్ట ఒకటి ఇచ్చిపోయాడు. చేత్తో చుట్టిందట, చాలా ఖరీదట. మామ వెలిగించి ఎంత పీల్చినా పొగ రాలేదు. "నా ఊపిరిలోనే బలం అయిపోయినట్లుండాది" అన్నాడు దిగులుగా.

తలుపు వెనక ఉన్న నాకు అర్థమైంది. నోట్లో పెట్టుకునే కొన ఆకుతో మూసి ఉంది. మా నాయన చుట్టలు చుడతాడని ఈ ఇంట్లో ఎవరికీ తెలియదు. తక్కువగా చూస్తారని, కోడలిగా వచ్చిన ఈ రెండేళ్లుగా దాచాను. అయినా మామ ముఖం చూడలేక, పట్టుదారాలు కత్తిరించే కత్తెరతో ఆ కొన కోసి ఇచ్చాను.

మామ నిదానంగా పీల్చాడు. "మొదట కాఫీ చేదు, వెనకాల బెల్లం తీపి. ఘాటు మాత్రం చాల్లేదు. అవునూ, నీకెట్ల తెలుసమ్మా ఇది?"

"మా నాయన చుట్టలు చుడతాడు మామా."

"ఓయమ్మా! అట్లాంటి వియ్యంకుణ్ణి పెట్టుకోని నాకు ఇన్నాళ్లూ అంగడి చుట్టలు తాగిస్తాండావా?" అని నవ్వాడు. మా పుట్టింటికి కబురు పెట్టి, తాడిమర్రి నుంచి ఒక కట్ట తెప్పించమన్నాడు.

చుడతాడు అన్నాను గానీ, నాయన చేతులు ఎప్పటినుంచో వణుకుతున్నాయి. పెళ్లయ్యేదాకా ఆయన పేరున చుట్టింది నేనే. ఆకు తెప్పిస్తే ఇప్పుడూ చుట్టగలను. ఆ మాట మామతో ఎలా చెప్పాలో...