బావ దాచిన జ్వరం

బావా,

ఈ అంటురోగానికి అందర్నీ ఇళ్లలో కూర్చోబెట్టేసరికి తోచక కథలు రాయడం మొదలుపెట్టాను. "ఎనిమిదో తరగతి తప్పినవాడికి కథలేమిట్రా?" అని అక్క అననే అంది. నేను వింటేనా! ఒక్క తుమ్ముకే వీలునామా రాయించే పిరికి దర్జీ కథ రాసి, డాబా మీద నుంచి చుట్టుపక్కల వాళ్లందరికీ చదివి వినిపించాను. మన వీధిలో దర్జీవి నువ్వొక్కడివే. "దర్జీగారూ, వీలునామా కుట్టారా?" అని పిల్లలు కూడా నిన్ను కిటికీలోంచి ఏడిపించారు. నువ్వూ నవ్వావు. దాంతో నాకు ఇంకా బలిసింది.

నిజంగా జ్వరం వస్తే మాత్రం నువ్వు ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని తర్వాత అక్క అడిగితే, "నీ తమ్ముడికి తెలిస్తే రెండో భాగం రాస్తాడే" అన్నావట. కుట్టుమిషను మీద పడిపోయేదాకా దాచావు. అక్క ఆ మాట చెబుతుంటే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆసుపత్రిలోనూ ఎవరడిగినా "బాగానే ఉంది" అంటున్నావని నర్సమ్మ చెప్పింది. కథ చింపేశాను గానీ, నీ మనసులోంచి ఎలా చింపను? నీ కాళ్లు పట్టుకుంటాను బావా, ఆయాసమొస్తే ఆయాసమని చెప్పు, భయమేస్తే భయమని అరిచి చెప్పు. పిరికివాడివని ఎవరూ అనరు. అలా అన్న వెధవ, నర్సమ్మ ఏ కబురు తెస్తుందోనని భయంతో, ఎదురెళ్లి అడగలేక ఆసుపత్రి గేటు బయటే నిలబడ్డాడు.

నీ బావమరిది